కర్రీ పాయింట్ కవర్లలో మిగిలిన కూరలు, ఫ్రిజ్‌లో ఏడు గిన్నెలు. వీటితో ఏం చేయాలి?

కూకట్‌పల్లి_ఒంటిగాడు
రోజూ రాత్రి ఇదే గోల. ఆఫీసు నుంచి వస్తూ కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక వేపుడు, ఒక సాంబారు కవరు తెచ్చుకుంటాను. అన్నం మాత్రం ఇంట్లో కుక్కర్‌లో పెట్టుకుంటాను. ఒక్కడికి కవరులో సగం కూడా అవదు. మిగిలింది గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున దాని మొహం చూడబుద్ధి కాదు, రాత్రికి మళ్లీ కొత్త కవర్లు. నిన్న శనివారం కదా అని ఫ్రిజ్ తీస్తే ఏడు గిన్నెలు తేలాయి. ఏది మంగళవారంది, ఏది గురువారంది తెలీదు. అన్నీ ఒకే రంగుకొచ్చేశాయి. లెక్కేస్తే వారానికి మూడు నాలుగు వందలు చెత్తబుట్టలో పోస్తున్నా.

నాకు వచ్చిన వంట: అన్నం, ఆమ్లెట్, నూడుల్స్. ఒక బాణలి, ఒక చిన్న కుక్కర్, ఒక మిక్సీ ఉన్నాయి. మిగిలినవాటిని మళ్లీ కూరలాగా తినేటట్టు చేసే దారి ఏదైనా ఉందా? కొట్లో దొరికే పేస్టులు, పొడులు, ప్యాకెట్లు వాడినా పర్లేదు. పావుగంట మించి స్టవ్ దగ్గర నిలబడలేను. "వంట నేర్చుకో", "పెళ్లి చేసుకో" అనేవాళ్లు దయచేసి పక్క గదిలోకి వెళ్లండి.

బొంబాయి_రవ్వ
పెళ్లి చేసుకో.

నిమ్మచెట్టు
పక్క గది ఎటువైపో ఆయన చెప్పలేదు పాపం.

గోదారి_పిన్ని
ముందు ఆ ఏడు గిన్నెలూ మూత తీయకుండా పారబోసెయ్ బాబూ. వాటికి ఇక మోక్షం లేదు. ఇకమీదట సంగతి చెబుతాను.

మిగిలిన కూరని వేడి చేస్తే అది వేడి చేసిన మిగిలిన కూరే. వేషం మారాలి. అమలాపురం దగ్గర మా ఇంట్లో పొద్దుటి పప్పు రాత్రికి పప్పుగా కంచంలోకి వచ్చిన గుర్తు నాకు లేదు. రెండు గరిటెలు మిగిలిందనుకో, దాంట్లో రెండు గ్లాసుల నీళ్లు, ఉసిరికాయంత చింతపండు పిసికిన పులుసు, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, గోలీకాయంత బెల్లం వేసి మరగనివ్వు. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. అదే పప్పుచారు. సొరకాయో ముల్లంగో వేసేట్టయితే ముక్కల్ని ముందు ఉత్త నీళ్లలో ఉడికించి, ఆ తరవాత చింతపండు పొయ్యి. పులుపు ముందే పడితే ముక్క ఓ పట్టాన మెత్తబడదు.

వేపుడు మిగిలితే పులుసు. దొండకాయ, బెండకాయ, అరటికాయ ఏదైనా సరే. ఒక ఉల్లిపాయ నూనెలో మగ్గించి, చింతపండు రసం పోసి, కారం, బెల్లం వేసి మరిగాక, దించే ముందు ఆ వేపుడు వేసి రెండు పొంగులు రానివ్వడమే. చిక్కదనానికి చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పొయ్యి. వేపుడులో అప్పటికే ఉప్పుంటుంది, అందుకని పులుసులో ఉప్పు సగమే. నువ్వు మర్చిపోతావు, అందుకే మళ్లీ చెబుతున్నా. సగమే.

సీమ_సంగటి
పప్పుచారులో బెల్లమా!

గోదారి_పిన్ని
వచ్చారండీ కడప నుంచి.

సీమ_సంగటి
కడప కాదు, నంద్యాల. మీరు మంచినీళ్లలో కూడా బెల్లం వేసుకుంటారని మావాళ్లు చెబితే నమ్మలేదు ఇన్నాళ్లూ.

గోదారి_పిన్ని
దాన్ని పానకం అంటారు. శ్రీరామనవమికి మీరూ తాగుతారు.

వరంగల్_వదిన
తమ్మీ, హైదరాబాద్‌లో ఉంటున్నావు, బిర్యానీ పార్సిల్ తెప్పించుకోకుండా ఉండవు. దాంతోపాటు వచ్చే సాలన్, రైతా కవర్లు ఏం చేస్తున్నావు? చాలామంది కత్తిరించకుండానే పారేస్తారు. నాకు ప్రాణం ఉసూరుమంటది.

సాలన్ అంటే ఏముంది, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు. బగారా బైంగన్‌లో పడేదీ దగ్గరదగ్గర ఆ మసాలానే. ఇంట్లో చేయాలంటే అన్నీ వేయించాలి, నూరాలి, నూనె తేలేదాకా నిలబడాలి. ఆ చాకిరీ అంతా వాళ్లు చేసి కవర్లో కట్టి ఇచ్చారు. మూడు గుడ్లు ఉడకబెట్టి, గాట్లు పెట్టి, కొంచెం నూనెలో పసుపు, కారం వేసి దోరగా తిప్పు. సాలన్ పోసి, అరగ్లాసు నీళ్లు కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టు. గుడ్డు కూర అయిపోయింది. గుడ్లు ఉడికే టైమ్‌తో కలిపినా పావుగంటే.

రైతాతో మజ్జిగ పులుసు. రెండు కవర్ల రైతాలో చెంచాన్నర శనగపిండి ఉండలు కట్టకుండా కలుపు. పసుపు, ఒక గ్లాసు నీళ్లు. సన్నమంట మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండు, పొంగు రాగానే దించు, తాలింపు పెట్టు. ఉల్లిపాయ ఎట్లాగూ దాంట్లోనే ఉంటది. శనగపిండి మాత్రం మానకు, అది లేకపోతే పెరుగు విరిగి నీళ్లు వేరు, ముక్కలు వేరు అవుతయి. బండి మీద నాలుగు పకోడీలు తెచ్చి పైన వేసినవా, మా ఆయన ఇప్పటికీ హోటల్‌ నుంచి తెచ్చిననుకుంటడు.

కూకట్‌పల్లి_ఒంటిగాడు
వదినా, రైతా కవర్లు నా ఫ్రిజ్ తలుపులో పదకొండు ఉన్నాయి.

వరంగల్_వదిన
ఎప్పటివి?

కూకట్‌పల్లి_ఒంటిగాడు
ఆఫీసులో టీమ్ పార్టీ అప్పటివి.

వరంగల్_వదిన
పార్టీ ఎప్పుడు?

కూకట్‌పల్లి_ఒంటిగాడు
దసరా ముందు.

వరంగల్_వదిన
ముందు మాస్టారుని పిలవండి ఎవరైనా.

మైక్రోబు_మాస్టారు
వచ్చాను. పిల్లలకు ఫుడ్ టెక్నాలజీ చెప్పుకు బతికేవాణ్ణి కాబట్టి ఇలాంటి చోట్ల నన్ను పిలిచి, తర్వాత తిట్టడం మామూలే.

వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన ఏప్రిల్, మే ఎండల్లో గంట. కర్రీ పాయింట్ కూర విషయంలో ఇంకో చిక్కుంది. మీరు రాత్రి 9కి కొన్న పప్పు వాళ్లు సాయంత్రం 5కి వండి ఉండొచ్చు, మధ్యాహ్నానిదే కావచ్చు కూడా. మీ గడియారం అక్కడే మొదలైంది. అందుకని తిన్నాక మిగిలింది పెట్టడం కాదు, ఇంటికి రాగానే సగం తీసి వేరే డబ్బాలో వేసి ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. చెయ్యి, చెంచా తగలని సగం అన్నమాట. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలో, అంతకు తక్కువో ఉండాలి. అలా పెట్టింది మూడు రోజులు, ఖచ్చితంగా చల్లగా ఉంటే నాలుగు. తలుపు అరలు ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వెచ్చని చోటు. రైతా పెట్టాల్సిన చోటు కాదది.

తీశాక అంతా ఒకేసారి వేడి చేయొద్దు, కావలసినంతే తీసుకుని పొగలు కక్కేదాకా మరిగించండి. గోరువెచ్చగా చేసి తినేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అన్నంతో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం రాత్రంతా కుక్కర్‌లోనే వదిలేస్తే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మర్నాడు మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున వాంతులయితే రాత్రి తిన్న కూరని అనుమానిస్తారు గానీ, అన్నాన్ని ఎవరూ అనుమానించరు.

పాతకాలం_ముంత
మా తాత జీవితాంతం చద్దన్నం తిన్నాడు. తొంభై దాటాక కూడా పొలం గట్టున నడిచాడు. పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అనలేదు. మీ సైన్సులు మాకెందుకు మాస్టారూ?

మైక్రోబు_మాస్టారు
మీ తాతగారు తిన్నది అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టినది. పులుపెక్కిన చోట చాలా రకాల సూక్ష్మజీవులు పెరగలేవు. నేనంటున్నది ఏమీ పోయకుండా కుక్కర్‌లో మర్చిపోయిన అన్నం గురించి. రెండూ ఒకటి కాదు. చద్దన్నం నేనూ తింటాను, ఉల్లిపాయ నంజుకుని.

పాతకాలం_ముంత
అయితే సరే. పచ్చిమిర్చి కూడా ఉండాలి.

ఆవకాయ_జాడీ
నా దారి జాడీ దారి. ఒంటిగాడు అన్నకి అసలు వంటే అక్కర్లేదు, జాడీలుంటే చాలు.

మిగిలిన పప్పులో ఒక చెంచా గోంగూర పచ్చడి వేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి కలిపితే గోంగూర పప్పు. చింతకాయ తొక్కు వేస్తే చింతకాయ పప్పు. ఉసిరి తొక్కుతో ఇంకోటి. ఒకే పప్పు, మూడు రోజులు, మూడు పేర్లు. మాగాయ ముక్కలకి ఊట పట్టి ఉంటుంది కదా, ఆ ముక్కల్ని గట్టి పెరుగులో వేసి పోపు పెడితే మాగాయ పెరుగు పచ్చడి. అది కూరా, పచ్చడా అని నన్నడగొద్దు, అన్నంలోకి వెళ్తుంది.

గోంగూర జాడీతో కోడికూర కూడా చేస్తాను. చికెన్ ఉల్లిపాయలతో, అల్లం వెల్లుల్లితో ఉడికాక, ఆఖర్న రెండు చెంచాల పచ్చడి. తాజా గోంగూర కడిగి, ఏరి, మగ్గబెట్టే పని లేదు.

గోదారి_పిన్ని
తాజా గోంగూర కూరకి అది సాటి రాదు.

ఆవకాయ_జాడీ
పిన్నీ, మాది మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర వంట. మీది ఆదివారం మధ్యాహ్నం వంట. పోటీ ఎందుకు?

డాలస్_పప్పుచారు
ఇక్కడ మేము ఈ విద్యలో పీహెచ్‌డీలు. వచ్చిన కొత్తలో నాకూ కట్టె పొయ్యి మీద వండినట్టు వండాలని ఉండేది. రెండు శీతాకాలాలు గడిచేసరికి దిగింది.

ఇక్కడ కాస్ట్‌కో అనే పెద్ద సూపర్‌మార్కెట్‌లో 4 డాలర్ల 99 సెంట్లకు మొత్తం కోడిని కాల్చి డబ్బాలో పెట్టి అమ్ముతారు. మొదటి రాత్రి అలాగే తింటాం. మర్నాటికి మిగిలిన కండ అంతా చేత్తో విప్పి పక్కన పెడతా. బాణలిలో ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా ప్యూరీ, ధనియాల పొడి, కారం, గరం మసాలా నూనె తేలేదాకా వేయించి, కొబ్బరిపాలు సగం డబ్బా పోసి, మరిగాక ఆఖరి ఐదు నిమిషాల్లో ఈ కండ వేస్తా. ముందే వేస్తే పీచు పీచు అవుతుంది, ఉడికిన కోడే కదా. ఉప్పు వేయను, వాళ్లు ఉప్పునీళ్లు పట్టించే కాలుస్తారు. ఎముకలు పారేయను. మిరియాలు, వెల్లుల్లి వేసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్, జలుబు రోజుకి చారు.

డబ్బా శనగలు ఇంకా తేలిక. ముందే ఉడికి ఉంటాయి, ఆ నీళ్లు వంపేసి కడిగితే ఉప్పు కొంతవరకు పోతుంది. తెరిచాక మిగిలితే మాత్రం ఆ రేకు డబ్బాలో ఉంచొద్దు, గాజు సీసాలోకి మార్చండి. పాలకూర కట్ చేసి గడ్డకట్టించింది ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఒక పెట్టె ఉంటుంది. మిగిలిన పప్పులో తిన్నగా పడేసి ఐదు నిమిషాలు ఉడికిస్తే పాలకూర పప్పు. ములక్కాడ ముక్కలు కూడా ఫ్రీజర్ నుంచే. మా అమ్మాయి ములక్కాడ అంటే మంచులోంచి పుట్టే కాయ అనుకుంటోంది.

మైక్రోబు_మాస్టారు
డాలస్ గారు డబ్బా గింజల గురించి చెప్పారు కాబట్టి ఒక మాట. డబ్బా రాజ్మా తిన్నగా వాడొచ్చు. ఎండు రాజ్మా అయితే మాత్రం నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం 10 నిమిషాలు తెర్లే నీళ్లలో ఉడకాలి. సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గబెట్టే కరెంటు కుక్కర్లో పచ్చివి వేయడం ప్రమాదం, వాటిలోని విషపదార్థం ఆ వేడికి విరగదు.

నిమ్మచెట్టు
మాస్టారు వచ్చినప్పుడల్లా నాకు ఆకలి చచ్చిపోతోంది.

ఇంగువ_డబ్బా
ఇంతమంది పెద్దలు రాశారు, కొన్న అల్లం వెల్లుల్లి పేస్టు గురించి ఒక్కరూ మాట్లాడరేం? అది వేసిన కూరలన్నీ ఒకే వాసన. పెళ్లి భోజనంలో, హాస్టల్లో, కర్రీ పాయింట్లో అదే. ఒకసారి నేను కొన్న ప్యాకెట్ కత్తిరిస్తే వెల్లుల్లి కంటే పులుపు వాసన ముందొచ్చింది.

హాస్టల్_మెస్
పులుపు వాసన చాలావాటిలో ఉంటుంది, నిలవ ఉండటానికి ఆమ్లం కలుపుతారు, వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఉప్పు కూడా ఉంటుంది. కొన్నది వాడితే రెండు చేయండి. ఒకటి, నూనెలో అది అడుగంటే ముందు దాకా వేయించండి, పచ్చి వాసన పోవాలి. రెండు, కూరలో ఉప్పు ఆఖర్న రుచి చూశాకే.

ఇంకా మంచి దారి, ఆదివారం పావుకిలో అల్లం, పావుకిలో వెల్లుల్లి కొంచెం నూనె, ఉప్పుతో మిక్సీ పట్టి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించడం. ఒక గడ్డ తీసి మూకుట్లో వేస్తే చాలు. చింతపండు గుజ్జు కూడా అలాగే. కొన్న చింతపండు పేస్టు ఒక్కో కంపెనీది ఒక్కో గాఢత, తెలీకుండా చెంచాడు వేస్తే పళ్లు పులిసిపోతాయి. పావు చెంచాతో మొదలుపెట్టండి.

కొనదగ్గది ఒకటి చెబుతా, వేయించిన ఉల్లిపాయ ప్యాకెట్. బిర్యానీ మీద చల్లేది. గుప్పెడు తీసుకుని, నాలుగు చెంచాల పెరుగుతో మిక్సీలో ఒక తిప్పు తిప్పితే గ్రేవీ. ఉల్లిపాయ ఎర్రగా వేగడానికి పట్టే ఇరవై నిమిషాలు మిగుల్తాయి. మిగిలిన బంగాళాదుంప వేపుడు, కొంచెం పచ్చిబఠాణీ అందులో వేస్తే చపాతీలోకి కూర.

పల్లీ చట్నీ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. పొద్దున ఇడ్లీ పార్సిల్‌తో వచ్చి మిగిలేది. పల్లీలు, పచ్చిమిర్చి, ఉప్పు అన్నీ నూరి ఉన్న ముద్ద అది. నాలుగు వంకాయలు గుత్తుల్లా చీల్చి నూనెలో మూత పెట్టి మగ్గించి, ఈ చట్నీ, కొంచెం చింతపండు, కారం, ధనియాల పొడి వేసి నూనె పైకి తేలేదాకా ఉంచితే గుత్తివంకాయకి అక్కాచెల్లెలు. అదే రోజు రాత్రికి చేయాలి, వచ్చీరాగానే చట్నీ ఫ్రిజ్‌లో పెట్టుంటేనే. కొబ్బరి చట్నీతో ప్రయత్నించొద్దు, త్వరగా పాడవుతుంది.

ఇంగువ_డబ్బా
ఐస్ ట్రేలో వెల్లుల్లి పెట్టాక దాంట్లో మళ్లీ నిమ్మరసానికి ఐస్ వేయొచ్చా?

హాస్టల్_మెస్
వేయొచ్చు. చుట్టాలు మళ్లీ రాకూడదనుకుంటే.

పేరెందుకు
ఇన్ని వంటలు చెప్పుకున్నాం. మిగిలింది ఇంట్లో ఎవరు తింటున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మా పుట్టింట్లో నాన్నకీ అన్నయ్యకీ వేడివేడి కూర, అమ్మకి నిన్నటి గిన్నె. "నాకివే ఇష్టంలేవే" అనేది. నేను చాలాకాలం నిజమే అనుకున్నాను. పెళ్లయ్యాక ఆ గిన్నె నా ముందుకొచ్చింది. ఎవరూ పెట్టలేదు, నేనే తెచ్చుకుని కూర్చున్నాను. అందరికీ వడ్డించి, కొత్త కూర రేపటికి ఉంచి, పాతది నేను. రేపటికి ఆ కొత్తది పాతదవుతుంది, మళ్లీ నేనే. అలా పదకొండేళ్లు నేను తాజా కూర తిన్నది చుట్టాలింట్లోనే.

ఒక బుధవారం విసుగొచ్చి ఏమీ వండలేదు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వేడి చేసి బల్ల మీద పెట్టాను. నలుగురం పంచుకోవాలి అన్నాను. మా వాడు అలిగి బయట నుంచి తెప్పించుకున్నాడు. మా ఆయన మాట్లాడకుండా తిన్నారు, ఆ మౌనం వారం పట్టింది. నేను మానలేదు. ఇప్పుడు ప్రతి బుధవారం అంతే. మావాడికి పందొమ్మిది, ఇప్పుడు వాడే ముందుకొస్తాడు. పప్పు, ఏదో ఒక వేపుడు, అన్నం కలిపి, పైన నెయ్యిలో జీలకర్ర, మిరియాల పోపు పెట్టి ఒకటి చేస్తాడు. దానికి పేరు "బుధవారం". మొన్న ఆదివారం అడిగాడు, అమ్మా, ఇవాళ బుధవారం చేయనా అని.

వరంగల్_వదిన
మా అమ్మ కూడా అడుగంటిన పప్పంటే ఇష్టమనేది. ఇప్పుడు ఫోన్ చేస్త.

సీమ_సంగటి
మా ఇంట్లో రాత్రి మిగిలిన సంగటి పొద్దున మజ్జిగలో పిసికి నాయనే తాగేవాడు. కూరలు మాత్రం అమ్మకే. ఇది చదివేదాకా తేడా తట్టలేదు.

గోదారి_పిన్ని
ఒక్కటి మాత్రం మా ఇంట్లో మర్నాటి దానికి కొట్టుకునేవాళ్లం. చేపల పులుసు. ముక్కకి పులుపు పట్టాలంటే రాత్రి గడవాలి. మట్టి చట్టిలో మిగిలిన నాలుగు ముక్కలకి ఆరుగురం.

కూకట్‌పల్లి_ఒంటిగాడు
నివేదిక సమర్పిస్తున్నాను.

ఏడు గిన్నెలు, పదకొండు రైతాలు పారేశాను. సోమవారం మాస్టారు చెప్పినట్టు కవరు రాగానే పప్పులో సగం వేరే డబ్బాలో తీసి పెట్టాను. మంగళవారం రాత్రి జాడీ దారిలో గోంగూర పప్పు. పచ్చడి ఒక చెంచా అన్నారు, నాకు గోంగూర ఇష్టం కదా అని నాలుగు వేశాను. తర్వాత కూరలో ఉప్పు వేయాలి కాబట్టి ఉప్పు వేశాను. రుచి చూసి ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయాను. విశాఖ బీచ్‌లో పెద్ద అల వచ్చి నోట్లో కొట్టినట్టుంది.

ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయాలని విన్నాను. రెండు వేశాను. దుంపలు కూడా ఉప్పయ్యాయి. ఇప్పుడు నా దగ్గర ఉప్పు పప్పూ, ఉప్పు దుంపలూ ఉన్నాయి.

గోదారి_పిన్ని
నేను రెండుసార్లు చెప్పాను.

కూకట్‌పల్లి_ఒంటిగాడు
అది పులుసుకి అనుకున్నా పిన్నీ.

మైక్రోబు_మాస్టారు
బంగాళాదుంప ఉప్పుని లాగేయదు. చుట్టూ ఉన్న ఉప్పునీళ్లనే అది కూడా పీల్చుకుంటుంది, మిగిలిన పప్పు అంతే ఉప్పగా ఉంటుంది. దుంప తీసి పారేసి లాభం లేదు. కూర పరిమాణం పెరగాలి, అదొక్కటే మార్గం. అరగ్లాసు కందిపప్పు ఉప్పు లేకుండా ఉడికించి కలపండి. ఆ దుంపలు కూడా అందులోనే మెదిపేయండి.

జాడీ గారి మీద నాకేం కోపం లేదు గానీ, రోజూ జాడీలే అంటే మాత్రం ఆలోచించాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని ఉంది. దాదాపు ఒక టీస్పూను. నాలుగు చెంచాల ఊరగాయ తర్వాత ఆ లెక్కలో ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి.

ఆవకాయ_జాడీ
నేను ఒక చెంచా అన్నాను మాస్టారూ. ఒకటి. పైన ఉంది చూడండి.

బొంబాయి_రవ్వ
నాలుగు చెంచాలు గోంగూర వేసినవాణ్ణి వదిలేసి జాడీని కోర్టుకి లాగుతున్నారు.

డాలస్_పప్పుచారు
ఒంటిగాడు గారూ, ఆ పప్పు పరిమాణం పెంచితే ఇప్పుడు ఆరుగురికి సరిపోతుంది. దాన్ని మళ్లీ గిన్నెల్లో పెట్టకండి. చిన్న డబ్బాల్లో పోసి, మూత మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో వేయండి. కానీ బంగాళాదుంప గడ్డకట్టి కరిగాక ఇసుకలా తగుల్తుంది, మెదిపేస్తే కొంచెం నయం. పెరుగు వేసిన కూరలు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగాక విరిగిపోతాయి.

నిమ్మచెట్టు
మిగిలినదాన్ని తగ్గించుకోవడానికి వచ్చిన మనిషికి ఆరుగురి పప్పు అంటగట్టారు.

కూకట్‌పల్లి_ఒంటిగాడు
రెండో నివేదిక. పప్పు బాగుపడింది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు కుర్రాళ్లకి ఒక డబ్బా ఇచ్చాను, వాళ్లు డబ్బా కడిగి తిరిగిచ్చారు, అంటే తిన్నారనే లెక్క.

కర్రీ పాయింట్‌కి ఇప్పుడు రోజూ వెళ్లట్లేదు. ఒకరోజు పప్పు, వేపుడు తెచ్చి, రెండోరోజు వాటినే చారు, పులుసు చేస్తున్నా. కవర్లు కాదు, స్టీలు క్యారేజీ తీసుకెళ్తున్నా, సగం గిన్నె చాలు అంటే ఆయన సగమే పోసి సగం డబ్బులే తీసుకున్నాడు. ఇన్నేళ్లూ అడగాలని నాకే తోచలేదు.

నిన్న రాత్రి హాస్టల్ మెస్ అన్న చెప్పిన పల్లీ చట్నీ వంకాయ చేశాను. పావుగంట అన్నమాట అబద్ధం, నలభై నిమిషాలు పట్టింది. వంకాయ మగ్గడానికే సగం పోయింది. అయినా నిలబడ్డాను. నూనె పైకి తేలినప్పుడు ఫోటో తీసి అమ్మకి పంపాను. వెంటనే వీడియో కాల్ చేసి, బాణలి చూపించు, గరిటె చూపించు, స్టవ్ చూపించు అంది. నేనే వండానని అప్పటికీ నమ్మలేదు. కారం ఇంకొంచెం పడాలి అని మాత్రం చూసే చెప్పేసింది. నిజమే, పడాలి.

హాస్టల్_మెస్
లేత వంకాయలు తీసుకుంటే పది నిమిషాలు తగ్గుతుంది. ముదురువి తెచ్చావు.

పేరెందుకు
అమ్మకి నువ్వే వండి పెట్టు ఈసారి వెళ్లినప్పుడు. వేడిగా, ముందు ఆవిడకి.

కూకట్‌పల్లి_ఒంటిగాడు
సరే అక్కా. సంక్రాంతికి వెళ్తున్నా.

ఒక చిన్న సందేహం. ఆ కూరలో మూడు వంకాయలు మిగిలాయి. వాటితో రేపు ఏం చేయొచ్చు?

గోదారి_పిన్ని
తినెయ్ నాన్నా.